మాట మింగిన అటక

చీరాలలో రైలు కట్టని ఆనుకుని పెంకుటిళ్ల వరస ఒకటుంది. అందులో నాలుగో ఇల్లు నూర్‌బాషా మౌలాలిది. ఆ ఇంట్లో మోతలు రెండే. ఒకటి రైళ్లది, రెండోది మౌలాలిది. మూడో లైనూ నాలుగో లైనూ వేశాక రైళ్లు పగలనక రాత్రనక ఆరేడు నిమిషాలకొకటి చొప్పున పోతుండేవి. వాటి మధ్య ఆ ఆరు నిమిషాలైనా ఖాళీ ఉండేది. మౌలాలి నోటికి ఆ ఖాళీ కూడా లేదు. దూది ఏకి పరుపులు కుట్టే మనిషికి చేతులతో పాటు నోరు కూడా ఆడాలని ఆయన నమ్మకం.

నమ్మకమంటే ఉత్తుత్తి నమ్మకం కాదు, అది వాళ్లింటి ఆచారం. విల్లు తాడును కర్రతో మీటుతూ దూది ఏకుతున్నంతసేపూ దూదితో మాట్లాడాలి. పెళ్లి పరుపైతే పిల్ల పేరూ పిల్లాడి పేరూ చెప్పి చల్లగా ఉండమనాలి. బాలింత పరుపైతే బిడ్డ కడుపునిండా పాలు తాగి నిద్రపోవాలని చెప్పాలి. నోరు మూసుకుని ఏకిన దూది ఒంటికి గుచ్చుకుంటుందని మౌలాలి తండ్రి అనేవాడు. ఆయనకి వాళ్ల తండ్రి చెప్పాడట. నిజమో కాదో ఎవరూ పరీక్ష చేసి చూడలేదు, ఎందుకంటే ఆ వంశంలో నోరు మూసుకున్నవాడు ఇంతవరకూ పుట్టలేదు.

మౌలాలి భార్య ఖాసింబీకి నిద్ర లేక ఎనిమిదేళ్లయింది. బొత్తిగా లేదని కాదు, రైలుకీ రైలుకీ మధ్య కోడికునుకు తీసేది. పైన పెంకు ఎండకి కాగి కాగి, మధ్యాహ్నమయ్యేసరికి ఇల్లంతా కుంపటిలా ఉండేది. ఏసీ పెట్టి చూశారు. చల్లదనమంతా పెంకుల సందుల్లోంచి ఆకాశానికి పోయింది, బిల్లు మాత్రం బుద్ధిగా ఇంటికొచ్చింది. కిందటేడు ఆమెకి గుండెనొప్పి వచ్చి వారం రోజులు ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది. ఈ మనిషికి మందుల కంటే ముందు నిద్ర కావాలని, నిద్ర లేకపోతే రెండోసారి వచ్చే నొప్పికి తను పూచీ కాదని డాక్టరు ముఖం మీదే చెప్పేశాడు.

ఆ మాట విన్న రోజు నుంచీ వాళ్ల ఒక్కగానొక్క కూతురు రిజ్వానాకి కూడా నిద్ర పట్టలేదు.

రిజ్వానాకి ముప్ఫై నాలుగేళ్లు. రోజూ పొద్దున రైలెక్కి బాపట్ల పోయి, అక్కడ నూలు పోగుల మీద పరిశోధన చేసే ఒక ప్రయోగశాలలో పనిచేసి, సాయంత్రం ఇల్లు చేరేది. తాతలు విల్లుతో చేసిన పనే తను మైక్రోస్కోపుతో చేస్తున్నానని చెప్పుకునేది. ఆమె చేసిన దూది మొదటిసారి పనిచేసిన రోజున ప్రయోగశాల పెద్ద సుగుణాకరరావు గారు తన చెవి మిషను తీసి బ్యాటరీ చూసుకున్నారు. ఆయన ఎదురుగా బల్ల మీద మిక్సీ గిర్రున తిరుగుతోంది, జాడీలో మినప్పప్పు నలుగుతోంది, చప్పుడు మాత్రం లేదు. మిక్సీ మీద బోర్లించిన డబ్బా లోపల రిజ్వానా దూది పరిచి ఉంది. ఆ దూదిలోంచి వచ్చిన రెండు తీగల చివర చిన్న దీపం వెలుగుతోంది.

సంగతేమిటంటే, ఆ పోగుల మీద ఆమె ఒక పూత వేసింది. మోత తగిలితే పోగు వణుకుతుంది, ఆ వణుకు కరెంటుగా మారి, మోత అందులోనే ఇంకిపోతుంది. ఏ మోత మింగాలో దానికి ముందే నేర్పాలి. నలభై గంటలు ఒకే మోత వినిపిస్తే పోగులన్నీ ఆ మోతకి తగ్గట్టు సర్దుకుంటాయి. ఆ తర్వాత గట్టి ఎండవేడి తగిలితే ఆ సర్దుబాటు స్థిరపడి, మింగడం మొదలవుతుంది. ఇక జన్మలో మారదు. వేడిని కిందికి దిగనివ్వకపోవడమంటారా, దూదికది పుట్టుకతో వచ్చిన గుణమే.

దూది పరిచి చూసే మొదటి ఇల్లుగా తమ ఇంటినే తీసుకోమని ఆమె పట్టుబట్టింది. సుగుణాకరరావు గారు సరేనన్నారు, కాకపోతే ఎండాకాలం మొదటి నుంచి సెప్టెంబరు దాకా లెక్కలు కావాలన్నారు. తొంభై కిలోల దూది తయారవడానికి పద్నాలుగు నెలలు పట్టింది. తమ ఇంటి కప్పు మీద రికార్డు చేసిన రైళ్ల మోతనే దానికి నలభై గంటలు వినిపించి, గోతాల్లో నింపి ఇంటికి పంపింది. తను హైదరాబాదులో పది రోజుల పని చూసుకుని వస్తానని, అటక మీద పరచడం వచ్చాకే అని తండ్రికి చెప్పి వెళ్లింది.

ఆమె అటు వెళ్లగానే మౌలాలి ఒక గోతం విప్పి చూశాడు. దూది అంతా ఉండలు కట్టి ఉంది. ఆయనకి ప్రాణం గిలగిల్లాడింది. ఎంత చదివినా పిల్లకి దూది సంగతి ఏం తెలుస్తుందిలే అనుకున్నాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ల పరుపుకే నాలుగుసార్లు ఏకే మనిషి, కట్టుకున్నదాని నెత్తి మీద ఉండల దూది ఎలా పరుస్తాడు? పెరట్లో రేకుల పాకలో విల్లు దింపాడు. పొద్దుట్నుంచి పొద్దుగూకేదాకా, తొమ్మిది రోజులు, పింజ పింజా విడదీసి తొంభై కిలోలూ ఏకాడు. ఏకుతున్నంతసేపూ ఆచారం తప్పకుండా దానితో మాట్లాడాడు. మా ఆడమనిషి నిద్ర లేక ఎండిపోయింది, దాని చెవిన ఏ మోతా పడనీమాక అని దూదిని బతిమాలాడు. చివరి రోజున తనే అటకెక్కి, చెక్కల మీద మూల మూలకీ చదునుగా పరిచి దిగాడు.

రిజ్వానా వచ్చి చూసి మురిసిపోయింది. తను పరిచి ఉంటే సగం అందంగా కూడా వచ్చేది కాదు. ఆగకుండా ముందే పరిచేసినందుకు తండ్రిని పైపైన కసిరి, తీగలు బిగించింది. దూదిలోంచి వచ్చే కరెంటు నేరుగా తల్లి మంచం పైనున్న ఫ్యానుకి పోతుంది, మిగిలింది బ్యాటరీకి. ఎంత కరెంటు వస్తోందో నిమిషం నిమిషం బాపట్లకి పంపే చిన్న పెట్టె ఒకటి గోడకి తగిలించింది. ఏకిన సంగతి మౌలాలి ఆమెకి చెప్పలేదు. దాచాలని కాదు, వంట చేసినవాడు బియ్యం కడిగానని ప్రత్యేకంగా చెప్పడు కదా.

మూడు రోజులు ఎండ మండిపోయింది. మూడో రోజు మధ్యాహ్నం గ్లాసులో నీళ్లు వణికాయి, తలుపు గొళ్లెం ఊగింది, గూడ్సు బండి పోయింది. చప్పుడు లేదు. రైళ్లు ఆపేశారా ఏంది అని ఖాసింబీ అడిగింది. ఆపలేదమ్మా, నీ నెత్తి మీద పోతున్నాయి అంది రిజ్వానా. ఇంటి లోపల కూడా గూట్లో ఉన్నట్టు చల్లగా ఉంది. రెండింటికి మంచం మీద ఒరిగిన మనిషి ఆరయినా లేవలేదు. ఆ నాలుగు గంటల్లో మౌలాలి మూడుసార్లు వచ్చి ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకున్నాడు. రిజ్వానా వంటింట్లోకి పోయి చున్నీ అడ్డం పెట్టుకుని సంతోషంతో ఏడ్చింది.

ఆరు దాటాక ఖాసింబీ కళ్లు తెరిచేసరికి మౌలాలి ఎదురుగా కూర్చుని చేతులు తిప్పుతూ నోరు ఆడిస్తున్నాడు. మాట రావడం లేదు. ఆమె దిగ్గున లేచి కూర్చుంది. పక్షవాతమేమోనని కేక పెట్టింది. ఆ కేక మాత్రం శుభ్రంగా వినపడింది. తల్లీకూతుళ్లిద్దరూ ఆయన్ని రెండు రెక్కలూ పట్టుకుని బయటికి లాక్కొచ్చారు. గడప దాటగానే మాట ఊడిపడింది. నాకేం కాలేదే, వదలండే అని ఆయన అరుస్తున్న అరుపు ఐదో ఇంటిదాకా వినపడింది. లోపలికి అడుగేశాడు, మాట మాయం. బయటికి వచ్చాడు, మాట ఉంది. పట్టుదల మనిషి కదా, పది పన్నెండుసార్లు గడప అటూ ఇటూ దాటి చూశాడు.

రిజ్వానా కప్పు వైపు ఒకసారి చూసి తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, దూదిని ఏమన్నా చేశావా?"

"ఏకాను."

"ఎన్ని రోజులు?"

"తొమ్మిది."

"మాట్లాడతానేనా?"

"మాట్లాడకుండా ఎట్టా ఏకుతారే?"

రిజ్వానా అరుగు మీద కూలబడింది. తను నేర్పింది నలభై గంటలు. ఆయన విడదీసిన ప్రతి పింజకీ మొహం దగ్గర పెట్టుకుని, తొంభై గంటల పైన నేర్పాడు. దూది ఇద్దరి పాఠమూ ఒంటబట్టించుకుంది. ఎండ దాన్ని గట్టిపరిచేసింది. రైలు మోతా, మౌలాలి గొంతూ, దానికి రెండూ మింగాల్సినవే. విప్పి తీసెయ్యడం తప్ప వేరే దారి లేదని, మళ్లీ అంత దూది కావాలంటే వచ్చే ఏడు ఎండాకాలానికి గానీ రాదని ఆమె చెప్పింది.

ఖాసింబీకి మొదట నవ్వొచ్చింది. ఒక్క దెబ్బకి రెండు మోతలూ పోయాయంది. మౌలాలి కూడా నవ్వాడు. నవ్వి, కూతుర్ని కాస్త పక్కకి పిలిచి, అటక జోలికి పోవద్దన్నాడు. "ముప్ఫై ఏడేళ్ల నుంచి వాగతానే ఉన్నాను. మీ అమ్మకి చెప్పాల్సింది ఇంకేం మిగల్లేదు గానీ, దాన్ని నిద్రపోనీ" అన్నాడు.

అలా మొదలైంది ఆ ఇంటి కొత్త కాపురం. మాటలన్నీ బయట అరుగు మీద, సైగలన్నీ లోపల. అన్నం కావాలంటే మౌలాలి పళ్లెం మీద వేలితో కొట్టేవాడు. కూరలో ఉప్పు తగ్గితే నాలుక బయటపెట్టేవాడు. పాకలోంచి ఫోను చేసి చూశాడు, ఫోన్లోంచి వచ్చినా అది ఆయన గొంతే కాబట్టి అటక దాన్నీ వదల్లేదు. రాసి చూపించమంటే పరుపుల కొలతలు తప్ప ఆయన జీవితంలో ఏమీ రాసి ఎరగడు. అరుగు మీద కూర్చుందామా అంటే పొద్దున ఏడింటికే ఎండ చురుక్కుమనేది, ఖాసింబీ వేడిలో కూర్చోకూడదని డాక్టరు మాట. రోజు మొత్తం మీద చీకటి పడకముందు ఒక అరగంట మిగిలేది ఇద్దరికీ. ఆ అరగంటలో ఏం చెప్పాలో మౌలాలికి తోచేది కాదు. ఆయన ఎప్పుడూ మాటని దాచుకుని తర్వాత చెప్పిన మనిషి కాదు.

ఖాసింబీ మాత్రం కోలుకుంది. బుగ్గలు తేరాయి. రెండు నెలలకి డాక్టరు ఒక మాత్ర తగ్గించాడు.

బాపట్లలో సుగుణాకరరావు గారికి పండగలా ఉంది. ఇల్లు బయటి కంటే పద్నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటోంది, బయటి కరెంటు మూడో వంతు కూడా వాడటం లేదు. ఒకరోజు ఆయన రిజ్వానాని పిలిచి తెర మీద గీతలు చూపించారు. రైలు పోయినప్పుడల్లా సూదిలా లేచి పడే గీత సరే, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆ సూదుల కింద మెత్తగా గట్టులా లేస్తున్నది ఏమిటని అడిగారు. ఆ వేళకి రైళ్లేమీ ఎక్కువగా లేవు. రిజ్వానా కాసేపు చూసి, తెలియదంది. ఆ రోజు సెలవు పెట్టి ఒంటిగంట రైలుకే ఇంటికొచ్చింది.

కిటికీలోంచి చూస్తే తల్లి నిద్రపోతోంది. తండ్రి ఆమె కాళ్ల దగ్గర మంచం పట్టె మీద కూర్చుని మాట్లాడుతున్నాడు. చేతులు తిప్పుతూ, మధ్యలో నవ్వుతూ, ఒకచోట ఆగి కళ్లు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఒక్క అక్షరం కూడా వినపడలేదు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఆమె పైనున్న ఫ్యాను ఒక మోస్తరు జోరుగా తిరుగుతూనే ఉంది. రిజ్వానా లోపలికి పోలేదు. స్టేషనుకి తిరిగి వెళ్లి, సాయంత్రం రైలుకి వచ్చినట్టే వచ్చింది.

అప్పట్నుంచి ప్రయోగశాలలో ఆమె రోజూ ముందు చూసేది ఆ గట్టునే. నాన్న మాట్లాడాడు అని మనసు కుదుటపడ్డాకే మిగతా పని.

జూన్ వెళ్లేసరికి ఆ గట్టు తగ్గడం మొదలైంది. రెండు గంటలు గంటన్నరయింది, గంటయింది, అరగంటయింది. జూలై నెలలో పదకొండు రోజులు వరసగా గీత నేలబారుగా ఉండిపోయింది.  రిజ్వానా ఇంటి దగ్గర గమనించి చూస్తే, సాయంత్రం అరుగు మీద కూడా మౌలాలి ఊఁ అనీ ఊహూఁ అనీ తప్ప మాట్లాడటం లేదు. ఏదైనా అడిగితే గొంతు సవరించుకుని, ఎందుకులే అన్నట్టు చెయ్యి ఊపేవాడు. రెండు పెళ్లి పరుపులకి వచ్చిన బేరం వెనక్కి పంపేశాడు. పిల్ల పేరూ పిల్లాడి పేరూ చెప్పి ఏకాలి కదా, నోరు పెగల్లేదన్నాడు.

దూది తీసెయ్యాలేమోనని సుగుణాకరరావు గారితో చెబితే, సెప్టెంబరు దాకా ఓపిక పట్టమన్నారు. మగవాళ్లు మాటలు తగ్గించుకుంటే చాలా ఇళ్లు బాగుపడతాయని ఏదో హాస్యమాడబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయారు. కాసేపటికి, ఇల్లు మీది, మనుషులు మీ మనుషులు, లెక్కలకేముంది, మళ్లీ తీసుకోవచ్చన్నారు. ఆయన గొంతులో కూడా దిగులుంది. పద్నాలుగు నెలలు ఆయనవి కూడా.

రిజ్వానా ఆ గీతల కాగితం ఇంటికి తెచ్చింది. మౌలాలి పాకలో ఉన్నప్పుడు తల్లి ముందు మంచం మీద పరిచింది. నిటారుగా ఉన్నవి రైళ్లనీ, ఈ మెత్తటి గట్టు నాన్న మాటలనీ, నువ్వు నిద్రపోతుంటే రోజూ రెండు గంటలు పక్కన కూర్చుని మాట్లాడేవాడనీ చెప్పింది. ఖాసింబీ చదువుకోలేదు గానీ, గీతని వేలితో తడుముతూ నెల నెలా నడిచి వచ్చింది.

"ఇయ్యాల్టిది ఏదే?"

"ఇదమ్మా. ఈ చదునుగా ఉన్నది."

ఖాసింబీ చాలాసేపు వేలు అక్కడే ఉంచింది. పక్కన కూర్చుని మాట్లాడిన మనిషినీ తను వినలేదు, మానేసిన మనిషినీ కనిపెట్టలేదు. హాయిగా నిద్రపోయింది. ఆ మాట ఆమెకి గుచ్చుకుంది. లేచి, వంటింటి గోడకి ఆనించి ఉన్న నిచ్చెన ఈడ్చుకొచ్చి అటకకి వేసింది.

నిచ్చెన చప్పుడు విని మౌలాలి పరిగెత్తుకొచ్చాడు. సంగతి క్షణంలో అర్థమైంది. నిచ్చెనకి అడ్డంగా నిలబడ్డాడు. నోరు తెరిచి, మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు. ఆమె ఛాతీ వైపు చూపించాడు, మాత్రల డబ్బా చూపించాడు, కూతురి వైపు తిరిగి నువ్వన్నా చెప్పవేమన్నట్టు చేతులు జోడించాడు. ఇంట్లో పిల్లి నడిచినంత చప్పుడు కూడా లేదు. పైన ఫ్యాను మాత్రం ఊడి పడుతుందేమో అన్నంత వేగంగా తిరుగుతోంది. ఖాసింబీ ఆ ఫ్యాను వైపు చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చూడవే, ఎంత కేకలేస్తన్నాడో మీ నాన్న" అంది. తర్వాత ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "నిద్రపోయింది చాలయ్యా. లేచినాక నాకెవరు? డాక్టరు నన్ను నిద్రపొమ్మన్నాడు గానీ, ఒంటిగా బతకమన్లా. మామూలు దూది ఏకి వెయ్యి పైన. ఎంత మోత ఆగితే అంత ఆగుద్ది. మిగతాది నేను పడతాను."

మౌలాలి నోరు మూసుకున్నాడు. ఫ్యాను నెమ్మదించింది. రిజ్వానా వైపు చూశాడు. ఆమె లోపలే లెక్క వేసుకుంది. రైళ్లు తిరిగొస్తాయి, వేడి తిరిగొస్తుంది, తగ్గించిన మాత్ర మళ్లీ వెయ్యాల్సి రావచ్చు, రెండో నొప్పి రాదని ఎవరూ రాసివ్వలేరు. ఇటు చూస్తే పదకొండు రోజుల చదును గీత. ఆమెకి అమ్మ కావాలి, నాన్నా కావాలి. తన చేతుల్తో చేసిన దూది ఇద్దరిలో ఒకరినే ఇస్తానంటోంది. ఆమె చున్నీ నడుముకి బిగించి, గోడ మీది పెట్టె తీగలు ఊడదీసింది. తండ్రి నిచ్చెన దగ్గర్నుంచి పక్కకి జరిగాడు. మళ్లీ ఏమనుకున్నాడో, ఖాసింబీని వెనక్కి నెట్టి తనే ఎక్కాడు.

తొంభై కిలోలు దింపేసరికి పొద్దు వాలింది. ఆయన పై నుంచి దోసిళ్లతో అందిస్తే రిజ్వానా గోతాల్లో కుక్కింది. ఒక్కో గోతం బయటికి పోతున్న కొద్దీ ఇంట్లోకి వేడి దిగింది, రైళ్ల మోత దూరాన్నించి దగ్గరికి వచ్చింది. ఆఖరి గోతం బాపట్ల పోయే ఆటోలోకి ఎక్కించి ముగ్గురూ చెమటలు కక్కుతూ వచ్చి లోపల కూర్చున్నారు.

మౌలాలి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు, ముంజేతికి అంటిన పింజలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు ఇంట్లో వినపడేసరికి ఆయనే ఉలిక్కిపడ్డాడు.

"ఖాసింబీ, నిన్నొకటి..." అన్నాడు.

సరిగ్గా అప్పుడే గూడ్సు బండి వచ్చింది. గిన్నెలు గలగల్లాడాయి, పెంకులు టకటకమన్నాయి, యాభై అరవై పెట్టెలు తల మీద నుంచి పోతున్నట్టు పోయాయి. నాలుగు నెలల తర్వాత ఇంట్లో విన్న మోత కదా, ఖాసింబీ ఛాతీ మీద చెయ్యి వేసుకుంది. రిజ్వానా గబుక్కున లేవబోయింది. తల్లి రెండో చేత్తో ఆమెని కూర్చోమంది. చూపు మాత్రం మొగుడి నోటి మీద నుంచి తిప్పలేదు. బండి పోయింది. మౌలాలి తలవంచుకుని, పోనీలే అన్నట్టు చెయ్యి ఊపబోయాడు.

"ఊఁ, చెప్పు" అంది ఖాసింబీ.

"ఏం లేదే. నిద్రలో ఒక్కోసారి నువ్వు నవ్వుతుంటావు. ఎందుకో అడుగుదామని."

ఖాసింబీ చీర చెంగుతో మొహం తుడుచుకుని ఆయన వైపు జరిగింది. దూరంగా ఇంకో రైలు కూత వినపడింది. అది వచ్చేలోపల చెప్పెయ్యాలని ఆమె గబగబా చెప్పడం మొదలుపెట్టింది.